గంగులు ఊపిరి వదలడం నేర్చిన రోజులు

కళింగపట్నంలో ఎవరి వల సముద్రం అడుగున రాళ్లకు తగులుకున్నా ముందు గంగులునే కేకేసేవారు. గుండెల నిండా గాలి పీల్చి, దమ్ము బిగబట్టి, ఐదారు బారల లోతుకు దిగి, ముడి విడదీసి వచ్చేవాడు. పడవలో ఉన్నవాళ్లు నూట యాభై లెక్కపెట్టినా అతని తల పైకి తేలేది కాదు. తండ్రి నేర్పిన విద్య. నీటి కింద ఊపిరి వదిలితే ప్రాణం వదిలినట్టేనని ఆ తండ్రి చెప్పిన మాట గంగులు ఎముకల్లో ఇంకిపోయింది.

ముప్పై ఎనిమిదో ఏట చెవిలోంచి నెత్తురు కారడం మొదలైంది. ఇక దిగితే ఒట్టేనంది భార్య దేముడమ్మ. అదే ఏడు శ్రీకాకుళంలో, గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం నేర్పే బడి ఒకటి తెరిచారు. పరీక్ష నెగ్గిన తీరంవాడు ఒకడికి అక్కడే ఉద్యోగమన్నారు. కాకపోతే నవంబరు నెలాఖరులోగా నెగ్గాలి. లేదంటే వేరే ఊరివాడిని పెట్టుకుంటారు. చెవి పూర్తిగా మానిందని డాక్టరు రాసిచ్చేదాకా గంగులును కళింగపట్నం రేవులో బడివాళ్ల పడవ కూడా ఎక్కనివ్వలేదు.

"సేపకి ఈత నేర్పుతారేటి బావా?" అని నవ్వాడు బామ్మర్ది అప్పలసూరి. "ఎల్లు, ఎల్లు. నువ్వే ఆల్లకి నేర్పీసి వస్తావు."

గంగులు కూడా లోపల అలాగే అనుకున్నాడు.

నేర్పేది జేమ్స్ మాస్టారు. శృంగవరపుకోట బాప్టిస్టు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, నౌకాదళంలో ఇరవై రెండేళ్లు డైవరుగా చేసి రిటైరయిన మనిషి. నీళ్లలోకి దిగేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. కళ్లు తెరిచాక ప్రతి గొట్టం, ప్రతి పట్టీ చేత్తో తడిమి చూసేవారు. తనది అయ్యాక పక్కవాడిది. పక్కవాడి చేత మళ్లీ తనది.

"దేవుడికి మొక్కీసినారు కదా మాస్టారూ, మళ్లీ ఇయ్యన్నీ ఎందుకు?" అని గంగులు ఒకనాడు అడిగేశాడు.

"ఆయన పని ఆయన సేస్తాడు. నా పని కూడా ఆయన నెత్తినే పెట్టీమంటావేటి?" అన్నారు మాస్టారు.

అన్ని పాఠాలూ గంగులుకు తేలికగానే వచ్చాయి, ఒక్కటి తప్ప. సిలిండరులో గాలి అయిపోయిందనుకుని, ఐదు బారల లోతు నుంచి ఒక్క ఊపిరితో పైకి రావాలి. దారి పొడుగునా "ఆ" అంటూ గాలి వదులుతూనే ఉండాలి. ఎందుకో చెప్పడానికి మాస్టారు అడుగున ఒక బెలూనులోకి సిలిండరు గాలి నింపి వదిలారు. అది పైకి పోతూ పోతూ ఉబ్బి, నీటి మట్టం చేరకుండానే పగిలిపోయింది.

"నువ్వు ఒడ్డున పీల్చిన గాలితో దిగితే దమ్ము పట్టొచ్చు. ఇది అడుగున పీల్చిన గాలి. బిగబట్టి పైకొచ్చీవంటే నీ ఊపిరితిత్తులకి అదే గతి," అన్నారు పైకి వచ్చాక.

బుర్రకు ఎక్కింది. ఒంటికి ఎక్కలేదు. మొదటిసారి సగం దారిలో గంగులు నోరు దానంతట అదే మూసుకుపోయింది. మాస్టారు అతని భుజం పట్టీ పట్టుకుని అక్కడే ఆపేశారు. రెండోసారీ అంతే. ఇరవై ఏళ్లు ప్రాణం కాపాడిన అలవాటే ఇప్పుడు అడ్డం తిరిగింది.

"ఒక్క రెండు సెకన్లే కదా మాస్టారూ," అన్నాడు గంగులు బతిమాలుతూ.

"రేపు నిన్ను నమ్మి దిగినోడు నిన్ను సూసే నేర్సుకుంటాడు. ఆడి రెండు సెకన్లు ఎవడిస్తాడు?" అన్నారాయన. కసురుకోలేదు. తన ఫ్లాస్కులో టీ సగం పోసి ఇచ్చారు. కాసేపటికి, "పడవ దించినప్పుడు మీరు అమ్మోరిని ఎలా పిలుస్తారు?" అని అడిగారు.

"గంగమ్మ తల్లీ అని."

"అయితే ఉత్త 'ఆ' ఎందుకు? 'అమ్మా' అని ఆ తల్లినే పిలు. ఆ దీర్ఘం నీటి మట్టం దాకా లాగు."

తన దేవుణ్ణి తప్ప వేరే దేవుణ్ణి కొలవని మనిషి ఆ మాట అన్నందుకు గంగులు టీ పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. వారం రోజులు ఇంట్లో, రేవులో అదే సాధన. "మా ఆయనకి గాలి సోకినట్టున్నాది," అని దేముడమ్మ ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేది.

మూడోసారి దిగింది శనివారం, నవంబరు ఇరవై తొమ్మిదో తారీఖు. గడువు మర్నాటితో సరి. ఆ మర్నాడు ఆదివారం. ఆదివారం చర్చి రోజు, మాస్టారు నీళ్లలో దిగరని అందరికీ తెలుసు.

దీర్ఘం తీస్తూ పైకి వస్తున్నాడు గంగులు. రెండు బారలు దాటాక కాలి పిక్క పట్టేసినట్టయి తడబడ్డాడు. మోచేయి మాస్టారి ముఖానికి తగిలింది. ఆయన కళ్లకు కట్టుకున్న అద్దంలోకి నీళ్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడే గంగులు నోరు ఒక్క క్షణం బిగిసింది. మళ్లీ తెరుచుకుంది. ఇద్దరూ పైకి తేలారు.

మాస్టారు అద్దం తీసి ముఖం తుడుచుకున్నారు. "మధ్యలో నాకు కనపడలేదు గంగులూ. బుడగలు ఆగాయా?"

'లేదు' అంటే పని అయిపోయేది. పడవ మీద, పరీక్ష నెగ్గినట్టు మాస్టారు సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. దేముడమ్మ మొహం కళ్లముందు మెదిలింది. ఆ వెనకే, ఇంకా మొహం తెలియని ఎవడో ఒకడు, తన వెనక దిగి తనను చూసి నేర్చుకునేవాడు, మెదిలాడు.

"ఆగినాయి మాస్టారూ. ఒక్క గుటకంత సేపు."

మాస్టారు కాగితం మడిచి సంచిలో పెట్టారు. ఒడ్డు చేరాక, "ఆరాధన పదిన్నరకి. పొద్దున్న ఆరుకల్లా రా," అన్నారు.

"రేపు ఆదివారం కదా మాస్టారూ."

"ఆరుకల్లా అన్నాను."

ఆదివారం తెల్లవారి నీళ్లు నిలకడగా ఉన్నాయి. మాస్టారు ఎప్పటిలాగే ప్రార్థన చేసుకున్నారు, ఎప్పటిలాగే ప్రతి పట్టీ తడిమారు. తొందర పడలేదు. ఐదు బారల కింద గంగులు ఆఖరి ఊపిరి పీల్చి "అమ్మా" అని పిలిచాడు. ఆ పిలుపు బుడగలై అతని కంటే ముందు పైకి పోయింది. ఆగలేదు. గుండెల్లో గాలి తరగకుండా ఇంకా ఇంకా ఊరుతూనే ఉంది, ఎవరో లోపలి నుంచి అందిస్తున్నట్టు. నీళ్లు తెల్లబడ్డాయి. తల ఎండలోకి వచ్చింది.

"మళ్లీ ఒకసారి," అన్నారు మాస్టారు.

మళ్లీ వచ్చాడు. అప్పుడు సంతకం పెట్టారు.

ఒడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. మాస్టారిని బండి వెనక కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్లాడు గంగులు. చర్చి చేరేసరికి పాటలు మొదలైపోయాయి. మాస్టారు తడి జుట్టుతోనే లోపలికి వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. గంగులు గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. మొదట గంగమ్మ తల్లికి దండం పెట్టుకున్నాడు. తర్వాత, మాస్టారు తన కోసం ఆలస్యంగా చేరిన ఆ లోపలి దేవుడికీ పెట్టుకున్నాడు.

ఎండెక్కుతున్నా అక్కణ్ణించి కదల్లేదు. ఆరాధన అయ్యాక మాస్టారిని ఇంటి దగ్గర దింపాలి కదా.