పిన్ని ఊ కొట్టిన ఆడియో గైడ్

సోమవారం పొద్దున పిన్ని పక్కింటావిడ ఫోన్ చేసి, “మీ పిన్నిగారు ఇక లేరండి” అన్నారు. రాజమండ్రిలో మా కాలేజీ స్టాఫ్‌రూంలో ఉన్నాను. చుట్టూ నలుగురున్నారు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. నాకేం జరిగినా చెప్పుకునే మనిషి ఆవిడే మరి.

పిన్ని రామచంద్రపురంలో ఇంగ్లీషు టీచరుగా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నేనూ చేసుకోలేదు. అంచేత వేసవి సెలవులకి ఇద్దరం దేశాలు తిరిగేవాళ్ళం. ఎక్కడికెళ్ళినా టికెట్ల దగ్గర ఒకటే తగువు. ఆవిడకి గైడ్ కావాలి. ఏ ఊరండీ, పిల్లలెంతమందండీ, పొద్దున్న ఏమైనా తిన్నారా అని ఆరా తీసి, చివర్న సంచిలోంచి తాపేశ్వరం కాజా తీసి ఆ గైడ్ చేతిలో పెట్టాలి. నాకేమో జెండా పట్టుకున్న మనిషి వెనక మందలా నడవడమంటే ఒళ్ళుమంట. రికార్డు చేసిన వివరాలు వినిపించే ఆడియో గైడ్ చెవికి తగిలించుకుని, నచ్చిన బొమ్మ ముందు నచ్చినంతసేపు నిలబడాలి. “నువ్వేమడిగినా అది పలకదు కదే” అనేది పిన్ని.

వియన్నాలో రాజుగారి కోట దగ్గర నా మాటే నెగ్గింది. చెరో ఆడియో గైడ్ తీసుకున్నాం. మొదటి గదిలోనే పిన్ని “ఊ” అంది. కాసేపాగి మళ్ళీ “ఊ... ఊ” అంది. ఎవరేం చెబుతున్నా ఊ కొట్టడం ఆవిడ మర్యాద. చిన్నప్పుడు నత్తితో నానా తిప్పలు పడిన నేను ఇవాళ క్లాసులో గంటసేపు పాఠం చెప్పగలుగుతున్నానంటే, ఆవిడ ఓపిగ్గా ఊ కొట్టబట్టే. అదంతా ఆ క్షణాన గుర్తులేదు. ఆవిడ చెవులు ఆ గైడ్‌తో మూసుకుపోయి ఉన్నాయేమో, ఎంత గట్టిగా అంటోందో తెలియక ఆ ఊ గదంతా వినిపించింది. అందరూ తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“అది రికార్డింగు పిన్నీ. ఊ కొట్టడానికి అక్కడ మనిషెవరూ లేరు. పరువు తియ్యకు” అన్నాను.

ఆవిడ దాన్ని తీసి నా చేతికిచ్చేసింది. నా దారిన నేను ముందుకెళ్ళిపోయాను. గంట తర్వాత వెతుక్కుంటూ వస్తే, ఎవరో స్పానిష్ వాళ్ళ గుంపు చివర నిలబడి, వాళ్ళ గైడ్ మొహంలోకి చూస్తూ తలూపుతోంది. ఒక్క ముక్క అర్థమై ఉండదు. నోరు మాత్రం మెదపలేదు.

ఆ తర్వాత పిన్ని ఊ కొట్టడం మానేసింది. ఆదివారాలు ఫోన్లో నా గొడవలన్నీ చెప్పుకుపోతుంటే అవతల చడీచప్పుడూ ఉండేది కాదు. ఉన్నావా అంటే, వింటున్నానే అనేది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. తప్పయింది పిన్నీ అని ఒక్కమాట అంటే పోయేది. సిగ్గేసి అనలేదు. నాలుగేళ్ళు అలాగే గడిపేశాను.

పోయిన నెల ఆస్పత్రిలో ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఇద్దరం వెళ్దామనుకున్న ఈజిప్టు గురించి చెప్పాను. నదిలో పడవ మీద తిరుగుదామని, ఈసారి గైడ్నే పెట్టుకుందామని. పిన్ని కళ్ళు మూసుకుని ఉంది. ఆ గదిలో నా గొంతు నాకే వినిపిస్తుంటే భయమేసింది. ఉండబట్టలేక, “ఊ కొట్టు పిన్నీ” అన్నాను.

కళ్ళు తెరిచింది. “నువ్వేనా? రికార్డింగేమో అనుకున్నానే” అంది. నవ్వుతోంది. ఆయాసం తగ్గాక, “ఊ, చెప్పు” అంది.

తప్పయింది పిన్నీ అనబోతే, చిన్నప్పటిలా మొదటి అక్షరం దగ్గరే నత్తి పట్టేసింది. ఆవిడ మాత్రం నా నోటి వంకే చూస్తూ ఉండిపోయింది.