రొండిన దోపుకున్న తాళం

ట్రాక్టరు వెనక ఇనుప పిన్ను ఠంగుమని పడిన చప్పుడు వింటే ఇప్పటికీ నా ఒళ్ళు జల్లుమంటుంది. ఈ ఉదయం దొరవారిసత్రం దగ్గర రొయ్యల గుంటల కట్ట మీద మళ్ళీ విన్నాను. సీటు మీద నేను, వెనక గడ్డి కోసే మిషను తగిలిస్తూ నా భర్త. ఉప్పుగాలిలో డీజిలు వాసన. కోటమ్మక్క గుర్తొచ్చింది. నాకు ఈ పని నేర్పింది ఆమే. పోయిన వానాకాలంలో కడుపులో గడ్డతో పోయింది.

రొయ్యల షెడ్డులో చేతులు పాచిపోయి ఆ కూలి మానేసిన రోజుల్లో ఆమె దగ్గర చేరాను. కాలవ గట్లయినా గుంటల కట్టలయినా, గడ్డి పెరిగితే ఆమె పాత ట్రాక్టరుకే కబురు వచ్చేది. గడ్డి కోసే మిషను మనుషులు పట్టి జరిపేంత తేలికది కాదు. ట్రాక్టరే వెనక్కి వెళ్ళి దాని దగ్గర ఆగాలి. ఆగాక ఒక మనిషి రెండింటి మధ్య దూరి, లింకులనే ఇనుప చేతులు మిషనుకు కలిపి పిన్నులు వేయాలి. అందులో అక్కకు ఒక పద్ధతుండేది. సీటు మీది మనిషి ఇంజను ఆపి, తాళం తీసి, వెనక్కి వెళ్ళే మనిషికి ఇవ్వాలి. వెళ్ళేది ఎప్పుడూ అక్కే. తాళం రొండిన దోపుకుంటే గాని మధ్యలో అడుగు పెట్టేది కాదు. జానెడు ఎడం మిగిలిందా, బయటికొచ్చి దూరంగా నిలబడి, తాళం నాకిచ్చి, నేను బండి జరిపి ఆపాక మళ్ళీ తీసుకునేది. ఇల్లు కురుస్తున్నా సరే, బండికి మాత్రం మంచి బ్యాటరీ ఉండాల్సిందే.

ఒకసారి గుంటల యజమాని విసుక్కున్నాడు. "ఏం మే కోటమ్మా, మిషను తగిలిస్తా ఉండావా, పెళ్ళి చేస్తా ఉండావా? ఇంజను ఆపకుండా కానీ, పొద్దు పోతా ఉండాది."

"తొందరైతే కొడవలి పట్టుకోని నువ్వే దిగన్నా."

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం సద్ది తింటూ తనే చెప్పింది.

"మా ఆయన గూడా ఇంజను ఆపబాక అన్నాడు మే. బ్యాటరీ దిగిపోయుండాది, ఆపితే మళ్ళీ తొయ్యాలని. సీటు మీద నేనే, ఎనక మధ్యలో ఆయన. వాన తడికి కాలు క్లచ్చి మీంచి జారి బండి ఎనక్కి పోయింది. అరుపు గూడా ఇనపళ్ళేదు."

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. వెనక మనిషి ఉండగా ఆమె సీటెందుకు ఎక్కదో అప్పుడు తెలిసింది.

జబ్బు ముదిరాక లింకు ఎత్తే బలం ఆమె చేతుల్లో లేకపోయింది. "నేను పోతా వెనక్కి, నువ్వు సీటెక్కక్కా" అన్నాను. చాలాసేపు బండి చుట్టూ తిరిగింది. చివరికి ఎక్కి, జరిపి, ఆపింది. తాళం నా అరచేతిలో పెట్టి నా వేళ్ళు తనే మూసింది. పిన్ను వేసి బయటికొచ్చి చూద్దును గదా, పెడళ్ళకు తగలకుండా కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఉండావా మే?"

"ఉండా అక్కా."

"ఇంకోసారి చెప్పు."

"ఉండానక్కా, చూడు, ఇట్ట చూడు."

బావురుమంది. నేనూ ఏడ్చాను. కట్ట మీద ఎవరైనా చూస్తున్నారేమోనన్న ధ్యాసే లేదు.

ఈ ఉదయం తాళం నా భర్త రొండిన ఉంది. పిన్ను పడేసరికి నా కాళ్ళు సీటు మీదే ఉన్నాయి.

"ఉండావా?" అని కేకేశాను.

"ఉండాన్లే మే, యాడికి పోతా!" అని విసుక్కున్నాడు.

విసుక్కోనీ. ఆ మాట చెవిన పడ్డాకే కాళ్ళు కిందికి దించాను.