గోనెపట్టా వెనక గుర్రప్పిల్ల

మా గుర్రప్పిల్ల ఒక ఎండాకాలం పొద్దున చచ్చిపోయింది. నాయన దాని మెడలోని నల్లతాడు విప్పేసి, జట్కా కట్టుకుని బస్టాండుకు పోయాడు. నేను బడికి పోయాను.

అప్పట్లో మేము మదనపల్లెలో ఉండేవాళ్లం. ముసలిదైన మా గుర్రం తర్వాత బండి లాగాల్సింది ఆ పిల్లే. వీధంతా వచ్చి ముచ్చటపడుతుంటే అవ్వకు భయం పట్టుకుంది.

"దిష్టి తగల్తాది రా, లోపల కట్టేయ్," అంది నాయనతో.

నాయన దాన్ని కొట్టం మూలన కట్టి, గోనెపట్టా అడ్డం వేశాడు. అది కదిలినప్పుడల్లా ఎండిన లద్దె దుమ్ము లేచేది. కొన్నాళ్లకు దగ్గు మొదలైంది, ఊపిరాడక డొక్కలు ఎగిరేవి.

"యాల అవ్వా, అట్ల ఎగరోస్తాండాది?"

"ఎవురో సూసేసినారు. బడి పిలకాయల్నంతా తిరనాళ్లకు మాదిరి పిల్చుకొచ్చింది నువ్వే గదా!"

నాయన ఇంకో పట్టా కట్టాడు. ఎవరి కళ్లో అని నేను బడిలో ఒక్కొక్కరి మొహం చూసేదాన్ని.

మొన్న పుంగనూరులో పెళ్లి గుర్రం పక్కన అదే లద్దె వాసన వచ్చింది. దానికి సూది వేస్తున్న పశువుల డాక్టరుకు ఈ సంగతి చెప్పాను.

"మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉంటాదమ్మా. లద్దె దుమ్ముతో గుర్రప్పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతాది. అదే అయ్యుండొచ్చు," అన్నాడు.

అయ్యుండొచ్చు. డాక్టరు కన్ను కూడా కన్నే అని, అవ్వ ఆ రోజుల్లో మదనపల్లె పశువుల డాక్టరును కొట్టంలోకి రానివ్వలేదు. అది ఏ రోగంతో పోయిందో ఇప్పటికీ తెలియదు.