విమానం ఎక్కానన్న లేయా

చాట్రాయి దాటాక రోడ్డు పక్కనే ముప్పై ఎకరాల మామిడితోట. అందులో లేయా ఒక్కతే ఉంటుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కాపలా కాసేవారు. ఆయన పోయాక ఓనరుగారు, "ఇక నువ్వే చూసుకో లేయా" అన్నారు. తోటలో పెద్ద గెస్ట్‌హౌసు ఉంది. ఓనరుగారు హైదరాబాద్ నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తారు. ముందురోజే ఫోన్ చేసి ఆరు గదుల్లోనూ ఏసీలు వేసి ఉంచమంటారు. లేయా ఉండేది వెనకాల రేకుల గదిలో.

వేసవి వస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. కోతలకి కూలీలు దిగేవారు. నెల్లాళ్లు చెట్ల కింద వంటలు, నవ్వులు, పోట్లాటలు. ఈ ఏడు ఎండలు ముందే ముదిరి పిందంతా రాలిపోయింది. కోయడానికి కాయ లేదు, కూలీలూ రాలేదు.

మే నెలలో ఓ పొద్దున, నూజివీడులో ఇంజినీరింగ్ చదివే యోగిత అనే అమ్మాయి సర్వే అంటూ వచ్చింది. ఎవరి వాడకం వల్ల గాలిలో ఎంత పొగ కలుస్తోందో లెక్క కడతారట. లేయా గబగబా కుర్చీ తుడిచి వేసింది.

"బండి ఉందా అండీ?"

"లేదమ్మా."

"ఫ్రిజ్జు?"

"లేదు."

"ఏసీ?"

"ఆరున్నాయి. నావి కావు."

"అయితే మీ లెక్కలోకి రావండీ."

లేదన్నప్పుడల్లా ఫోన్‌లో నాలుగైదు ప్రశ్నలు దాటిపోతున్నాయి. ఇంకో నిమిషంలో అయిపోయేలా ఉంది.

"విమానం ఎప్పుడైనా ఎక్కారా?"

"ఎక్కాను" అంది లేయా.

యోగిత తలెత్తింది. "ఎక్కడికండీ?"

"యెరూషలేముకి."

"ఎన్ని గంటలు పట్టింది?"

లేయా కొంగు సర్దుకుంది. "ఎక్కలేదమ్మా. లేదంటే వెళ్లిపోతావేమోనని అలా చెప్పాను" అంది.

యోగిత ఆ జవాబు మార్చి, చివరికి వచ్చిన అంకె చూపించింది. "చాలా తక్కువండీ. అందరూ మీలా బతికితే ఇంత ఎండలు ఉండవు."

"నాలా ఎవరూ బతకొద్దులే తల్లీ."

పని అయిపోయినా ఆ పిల్ల లేవలేదు. ఫోన్ సంచిలో పడేసి, గదిలో దండ వేసిన ఫొటో వైపు చూసి, "మీ ఆయన ఎలా ఉండేవారు?" అని అడిగింది. అలా అడిగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. లేయా చెబుతూనే ఉంది, మధ్యాహ్నమైంది. ఇద్దరూ పచ్చడన్నం తిన్నారు.

బస్సు వేళకి లేయా రోడ్డు దాకా తోడు వెళ్లింది. యోగిత ఎక్కాక కండక్టర్ తల బయటపెట్టి, "రండమ్మా, ఎక్కండి" అన్నాడు.

"నేను రావడం లేదండీ. మా అమ్మాయిని ఎక్కించడానికి వచ్చాను" అంది లేయా.