అక్క గదికి న్యూట్రల్ లేదు

భవానీపురం దాటి కాస్త ముందుకెళ్తే ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు కనపడతాయి. అక్కడ బొగ్గు మండి, కరెంటు పుట్టి, స్తంభాలన్నీ దాటుకుంటూ ఇంత దూరం వచ్చి, మా అక్క గదిలో గోడ దగ్గర ఆగిపోయింది. ఆ చివరి మూరెడు దూరం దాటించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో ఇద్దరమే ఉంటాం. అక్క పెళ్లి చేసుకోలేదు. నేను చేసుకుని చూశాను. నాన్న కట్టిన ఇల్లు, పైన అద్దెకున్నవాళ్లు, కింద మేము. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఈ ఊళ్లో ఆ పని ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దు పొడవకముందే స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం డౌట్లు. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి, కాళ్లు నావి కావన్నట్టు ఉంటాయి.

అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సూది నొప్పి తెలీకుండా వేస్తుందని పేరు. ఆ చేతులే ఇప్పుడు కీళ్లవాతానికి చిక్కాయి. వేళ్లన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి, భుజం పైకి లేవదు. గదిలో స్విచ్ బోర్డేమో తలకంటే ఎత్తున ఉంది. పిల్లలకి అందకూడదని నాన్న అలా పెట్టించాడు. పిల్లలకి అందలేదు సరే, ఇప్పుడు పెద్దదానికీ అందదు. అందినా ఆ పాతకాలపు మీట నొక్కే బలం ఆ వేళ్లలో లేదు.

అక్కకి తెల్లవారుజామున ప్రార్థన అలవాటు. పెద్దక్షరాల బైబిలు ఒడిలో పెట్టుకుని మంచం మీదే కూర్చుంటుంది. లైటు కావాలి. "చెల్లీ, కాస్త లైటు వేస్తావా" అని పిలుస్తుంది. నేను లేచి వెళ్లి వేసి వచ్చి పడుకుంటాను. పడుకుంటానని పేరేగానీ ఆ తర్వాత నిద్రెక్కడిది. అదే మొహంతో కాలేజీకి పోతాను. విసుగొచ్చేది. అక్క మీద కాదు. ఎవరి మీదో తెలియని విసుగు, మోయడానికి అది ఇంకా బరువు.

ఊరికే కూర్చోలేదు నేను. హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి టేబుల్ ల్యాంపు పెట్టాను. దాని మీట గోరంత. ఛార్జింగ్ లైటు కొన్నాను. దాని రబ్బరు బొత్తాం లోపలికి దిగాలంటే నా వేలే నొప్పెట్టింది. పోనీ రాత్రంతా లైటు ఉంచుదామంటే అక్కకి వెలుతుర్లో నిద్ర పట్టదు. ఒకరోజు జడ వేస్తుంటే అద్దంలో నన్ను చూడకుండా అంది: "లైటు కోసం మనిషిని లేపుకోవాల్సిన బతుకు నాకొద్దే." నేను రబ్బరు బ్యాండు పెట్టి జడ ముందుకి వేశాను.

స్టాఫ్ రూములో కెమిస్ట్రీ సారు చెప్పాడు, వాళ్లింట్లో నోటితో చెప్తే లైట్లు వెలుగుతాయని. ఆయన చెప్పేవాటిలో సగం కోతలే. కానీ ఇది నిజమేనని కనుక్కున్నాను. స్మార్ట్ స్విచ్ ఒకటి, మాట వినే డబ్బా ఒకటి ఆర్డరు పెట్టాను. వచ్చాయి. అట్టపెట్టెలో మడత కాగితం ఉంది. బిగించే ముందు మీ స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు ఉందో లేదో చూసుకోండి అని మొదటి మాటే రాశాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారే, అలా అయింది నా పని. ఏటా క్లాసులో బోర్డు మీద ఫేజ్ ఒక గీత, న్యూట్రల్ ఒక గీత గీసి, మధ్యలో బల్బు పెట్టి పిల్లలకి చూపిస్తాను. కరెంటు వచ్చే దారి ఎంత ముఖ్యమో తిరిగి వెళ్లే దారీ అంతే ముఖ్యమని అరిచి అరిచి చెప్తాను. మా ఇంటి గోడలో ఆ రెండో గీత ఎక్కడుందో నాకు తెలీదు.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. "వచ్చేస్తున్నా మేడం, వారధి మీదున్నా" అన్నాడు. ఆయన వారధి మీద ఉండటం రెండు మూడు రోజులు సాగింది. చివరికి ఒక ఆదివారం, మేము చర్చి నుంచి వచ్చాక, సంచి భుజాన వేసుకుని దిగాడు. నా వయసువాడే. మైలవరం దగ్గర ఎవరిదో కొత్త ఇల్లు వైరింగ్ జరుగుతోందట, పొద్దున అక్కడికెళ్లి వచ్చాడట. ఆయన కళ్లూ నా కళ్లలాగే నిద్ర చాలక ఉన్నాయి. మంచినీళ్లిస్తే గడగడా తాగేశాడు.

బోర్డు విప్పాడు. తుప్పు పట్టిన మరలు, సాలెగూడు, ఎండిపోయిన బల్లి గుడ్లు. లైటు స్విచ్‌కి ఒక వైరు వస్తోంది, ఒకటి పోతోంది. వెనకాల ఇనప పెట్టెకి ఒక పచ్చ వైరు బిగించి ఉంది. అంతే.

"న్యూట్రల్ లేదండి ఇక్కడ. పైన లైటుకి డైరెక్టుగా పోయింది," అన్నాడు. "పర్లేదు. ఈ ఎర్త్ ఉందిగా, దీన్ని న్యూట్రల్ కింద పెట్టేస్తా. పది నిమిషాల పని."

"వద్దండీ," అన్నాను.

"ఊరంతా ఇలాగే నడుస్తది మేడం."

"ఊరి సంగతి నాకెందుకు. ముందు ఫేజ్‌కీ ఆ పచ్చ వైరుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి."

ఆయన నిట్టూర్చి, సంచిలోంచి హోల్డరుకి రెండు వైర్లు కట్టిన బల్బు తీశాడు. ఒక కొన ఫేజ్‌కి, ఒక కొన పచ్చ వైరుకి పెట్టాడు. బల్బు వెలగలేదు. టెస్టరు పెడితే ఫేజ్ ఉంది. అంటే పచ్చ వైరు నేలలోకి పోవడం లేదు. పెరట్లో ఎర్త్ గుంట మీద ఎప్పుడో సిమెంటు పోయించేశాం, పైనవాళ్ల బళ్లు పెట్టుకోవడానికి. ఆ గుంటలో నీళ్లు పోయాలన్న మాటే మర్చిపోయాం. అడుగున తీగ తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది.

ఆ పచ్చ వైరే ఫ్రిజ్ ఒంటికీ, గీజరు ఒంటికీ కూడా కలిసి ఉంది. నేలలోకి దారి లేని దాన్ని ఇక్కడ వాడితే, తిరిగి వెళ్లాల్సిన కరెంటు వెళ్లలేక, పోయి ఫ్రిజ్ తలుపు మీద కూర్చుంటుంది. అక్క ఆ తలుపుని మణికట్టు దూర్చి లాగుతుంది. అదే చెప్పాను ఆయనతో, క్లాసులో చెప్పినట్టు కాదు, మామూలుగానే.

ఆయన బల్బు కిందకి దించాడు. "నాకు తెలీక కాదండి," అన్నాడు. "న్యూట్రల్ లాగాలంటే గోడ పగలాలి. గోడ పగలగొడతానంటే నన్నెవరు పిలుస్తారు చెప్పండి. అందరికీ సాయంత్రానికల్లా వెలగాలి." అదీ నిజమే. నేనూ సాయంత్రానికల్లా వెలగాలనే పిలిచాను.

పైన లైటుకి న్యూట్రల్ ఉందంటే, మధ్యలో ఎక్కడో వైర్లు కలిసే జంక్షన్ బాక్సు ఉండాలి. గోడంతా తడిమాం. ఎక్కడా మూత లేదు. "ఈ గది మొదట్నుంచీ ఇంతేనాండీ?" అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ గది మా ఇంటికి మొదట్లో ముందు గది. దక్షిణం వైపు గుమ్మం ఉండేది. నాన్న చర్చిలో సంఘ పెద్ద, వాస్తూ గీస్తూ ఏం లేదు పొమ్మనేవాడు. కానీ పైభాగం కట్టాక, దక్షిణం గుమ్మం చూసి అద్దెకి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయేవాళ్లు. కొన్నాళ్లు చూశాడు. ఒకరోజు మేస్త్రీని పిలిచి గుమ్మం మూయించేశాడు. అమ్మ అడిగితే, "నమ్మకం వాళ్లదే, అద్దె మాత్రం మనది" అన్నాడు. మర్నాడు మంచిరోజు, కొత్తవాళ్లు దిగుతామన్నారు. వాళ్ల మంచిరోజు కోసం మా గుమ్మం ఒక్క పూటలో గోడైంది. ఆ హడావుడిలో గుమ్మం పక్కనున్న జంక్షన్ బాక్సు మీద కూడా మేస్త్రీ సిమెంటు మెత్తేసి ఉంటాడు. వాస్తుని నమ్మని ఇంట్లో వాస్తు చేసిన పని అది. ఆ గుమ్మంతో పాటు గదిలోకొచ్చే వెలుతురూ పోయింది. మిగిలిన కిటికీ పక్కవాళ్ల గోడని చూస్తూ ఉంటుంది.

"సరేనండి, పగలగొడదాం," అన్నాను. ఆయన మెయిన్ ఆపేశాడు.

పట్టపగలే గది చీకటైపోయింది. నేను ఫోన్ టార్చి కోసం తడుముకుంటున్నాను. ఆయన సుత్తి పట్టుకుని అడుగేశాడు. మంచం మీద నుంచి అక్క అంది: "ఎడం పక్కకి జరుగు బాబూ. స్టూలుంది, మోకాలికి తగులుద్ది."

ఆయన ఆగాడు. "మీకు కనపడుతుందా అమ్మా?"

"కనపడదు. రోజూ చీకట్లోనేగా కూర్చునేది. ఏదెక్కడుందో తెలుసు."

నా చేతిలో టార్చి వెలిగింది. "రోజూ ఏంటక్కా? నన్ను పిలుస్తున్నావుగా."

"పిలుస్తాను," అంది అక్క. "నువ్వు మెలకువగా ఉంటే వినపడేంత పిలుస్తాను. నిద్దర్లో ఉంటే వినపడదు. వినపడకపోతే తెల్లారిందాకా అలాగే కూర్చుంటా. కీర్తనలు నోటికి వచ్చుగా, పుస్తకం ఎందుకు."

ఆసుపత్రిలో పక్క మంచం రోగి లేవకుండా ఈ మంచం రోగితో మాట్లాడటం అలవాటైన మనిషి. గొంతు ఎంతలో పెడితే ఎంత దూరం పోతుందో ఆమెకి తెలుసు. నేను లేచిన పొద్దులే నాకు లెక్క. లేవని పొద్దులన్నీ ఆమె దగ్గరే ఉండిపోయాయి. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"గట్టిగా పిలిస్తే ఏం పోయిందక్కా?"

"నీ కళ్ల కింద ఎప్పుడైనా చూసుకున్నావా?" అంది. ఎలక్ట్రీషియన్ గోడ వైపు తిరిగి సుత్తి వెయ్యడం మొదలుపెట్టాడు.

నాన్న మూయించిన గుమ్మం అంచునే దొరికింది బాక్సు. లోపల టేపు కట్టిన ముడి ఇన్నేళ్లూ సిమెంటు కింద చల్లగా కూర్చుంది. అందులోంచి న్యూట్రల్ కోసం నల్లవైరు ఒకటి బోర్డు దాకా లాగాడు. ఎర్త్ గుంట సంగతీ వదల్లేదు నేను. తర్వాతి వారం పెరట్లో సిమెంటు పగలగొట్టించి, ఉప్పూ బొగ్గూ వేసి కొత్త ఎర్త్ వేయించాను. పైనవాళ్లు బళ్లు రోడ్డు మీద పెట్టుకోవాల్సొచ్చిందని మొహాలు మాడ్చుకున్నారు. ఇల్లంతా దుమ్ము. అక్క తుమ్ముతూనే ఉంది. ఊడ్చే ఓపిక నాకూ లేదు. పైగా కాలేజీలో పరీక్షల ముందు రోజులు. గోరుచుట్టు మీద రోకలిపోటు.

చివరికి ఫేజ్‌కీ పచ్చ వైరుకీ మధ్య మళ్లీ టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాం. బల్బు నిండుగా వెలిగింది. స్మార్ట్ స్విచ్ బోర్డులో బిగించాడు. మాట వినే డబ్బా అలమరలో పెట్టాం. నేను "లైట్ ఆన్" అన్నాను. వెలిగింది. "ఆఫ్" అన్నాను. ఆరింది.

"నీ క్లాసు గొంతుకి స్తంభాలు కూడా వింటాయి," అంది అక్క.

"నువ్వూ అను."

"నాకు పని పొద్దున కదా," అంది.

మర్నాడు తెల్లవారుజామున అలవాటు కొద్దీ మెలకువ వచ్చేసింది. కళ్లు మూసుకునే ఉన్నాను. గోడ అవతల మంచం కిర్రుమంది. అక్క లేచి కూర్చుంది. దుప్పటి సర్దుకుంది. తర్వాత ఆమె గొంతు వినపడింది. "లైట్ ఆన్."

తలుపు కింద చీకటి అలాగే ఉంది.

కాసేపాగి మళ్లీ అంది. ఈసారి ఇంకా చిన్నగా. నా గుమ్మం దాటకూడదని ఇన్నాళ్లూ కొలిచి కొలిచి పెట్టుకున్న గొంతు అది. మెలకువగా ఉన్న చెల్లెలికి వినపడేంత, నిద్రపోతున్న చెల్లెలికి వినపడనంత. ఫ్యాను తిరుగుతున్న గదిలో అలమరలో డబ్బాకి అది ఏం వినపడుతుంది. అక్క చీకట్లోనే కీర్తన మొదలుపెట్టింది, నోట్లోనే.

పడుకునే అన్నాను: "గట్టిగా పిలువక్కా."

కీర్తన ఆగింది. "లేపేశానా?"

"లేచే ఉన్నా. నేను రాను. గట్టిగా పిలువు."

"పైనవాళ్లు..."

"లేవనీ. పిలువు."

వార్డు ఆ చివర నుంచి ఈ చివరికి ఆయాని కేకేసే గొంతుతో పిలిచింది అక్క. ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో. పైన చంటిపిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. తలుపు కింద నుంచి వెలుతురు నా మంచం కోడు దాకా వచ్చింది.

"అయ్యో, పాపం పిల్ల," అంది అక్క. ఆ తర్వాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినపడింది. నేను మాత్రం లేవలేదు.