విత్తనాలు మిగల్చని యుగాంతం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వసంతకాలం సెమిస్టర్‌లో, వర్జీనియాలోని మా యూనివర్సిటీ రష్యన్ విభాగం నన్ను ఒక క్వాలిఫయింగ్ పరీక్షకు అధ్యక్షురాలిగా వేసింది. పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ మొదలుపెట్టే ముందు ముగ్గురు ప్రొఫెసర్ల ఎదుట జవాబులు చెప్పుకోవాల్సిన మౌఖిక పరీక్ష అది. రెండుసార్లు తప్పితే సీటు పోతుంది. అధ్యక్షులకు ఓటు ఉంటుంది గానీ, విద్యార్థి తరఫున మాట్లాడే హక్కు ఉండదు.

పరీక్షకు కూర్చున్నది సునీత. హైదరాబాద్‌లో రష్యన్ ఎం.ఏ. చేసి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చింది. అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సీటుతో పాటు అమెరికాలో ఉండే అనుమతీ పోతుంది, ఇక సామాను సర్దుకోవడమే. ఆ అమ్మాయి ఎంచుకున్న విషయం, ఈ కాలపు రష్యన్ చారిత్రక నవలల్లో లోకాంతం. అక్కడి రచయితలు పాత శతాబ్దాల్లోకి వెళ్లారంటే చాలు, సన్యాసులూ జోస్యాలూ తీర్పు రోజు కోసం కాచుక్కూర్చున్న జనమూ వచ్చి తీరతారు.

కమిటీలో పెద్దాయన పావెల్ గారు. ఫాదర్లు పెళ్లి చేసుకునే రష్యన్ చర్చిలో, తరతరాల ఫాదర్ల కుటుంబం నుంచి వచ్చినవారు, మొహమాటం తెలియని మనిషి. ఒక నవలలో, లోకం ముగుస్తోందని నమ్మిన ఊరు ఆ ఏడాది పొలాలు ఎందుకు విత్తలేదని అడిగారు.

సునీత తడుముకోకుండా చెప్పేసింది. ఈ యుగం పోయి కొత్త యుగం వస్తుందని వాళ్ల నమ్మకమట. అది మన జవాబు, ఆ ఊరిది కాదు. యుగాంతం అన్న మాట మన నోట ఎంత నానిపోయిందంటే, దాని వెనకాల ఇంకో యుగం ఉంటుందని వేరే చెప్పుకోం కూడా. పావెల్ గారు పెన్నుకి మూత పెట్టేశారు. అలా పెట్టారంటే ఫెయిల్ అనే, ఆ సంగతి మా విభాగంలో అందరికీ తెలుసు. నిబంధనల ప్రకారం అధ్యక్షులు అడగదగ్గది ఒక్కటే వాక్యం, అదే అడిగాను: "జవాబుకి ఏమైనా కలుపుతావా?"

సునీత పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ చదువుకుంది. తప్పు చెప్పానని ఒప్పుకుంది. తర్వాత నెమ్మదిగా వివరించింది. "మా ప్రళయం కథలో నావలోకి విత్తనాలు ఎక్కుతాయి. మా నాన్న రైతు, ఎంత కరువొచ్చినా విత్తనాల మూట విప్పనిచ్చేవాడు కాదు. ఈ ఊరివాళ్లు విత్తనపు గింజలే పిండి విసిరి, రొట్టెలు చేసి బిచ్చగాళ్లకు పెట్టేశారు. వీళ్లకు తీర్పు రోజు తర్వాత ఇంకో యుగం అనేది లేదు. అందుకే లోకం ముగుస్తుందనుకున్న రోజు మామూలుగా తెల్లారినప్పుడు, బతికిపోయామని సంతోషించకుండా ఏడ్చారు."

పావెల్ గారు పెన్ను మూత తీసి సంతకం పెట్టారు. సునీత పాసయింది.

పరాయి సాహిత్యంలో మన కథ కనబడగానే అక్కడ ఆగి, అనుమానించి చూడాలని ఆ పరీక్ష నాకు నేర్పింది. ఆ తర్వాత నా దగ్గరికి లోకాంతం మీద థీసిస్ రాస్తానని ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేదాన్ని: ఆ ఊళ్లో విత్తనాలు దాచుకున్నారా, తినేశారా?