మోకుకు వేసిన రంగు

మీ షాపులో ఇనుము చెక్కే లేతు మిషన్‌కు కట్టిన నిమ్మకాయలు ఎప్పుడు మార్చారో మీకు గుర్తుంటుంది. దాని ఎర్తింగ్ ఎప్పుడు పరీక్షించారో గుర్తుందా?

ఒక లేతు అమ్మకం చూద్దామని నేను జగిత్యాలలో పొద్దున ఏడున్నర బస్సెక్కితే కోరుట్లలో దిగేసరికి ఎనిమిదిన్నర. మల్లేశం షెడ్డు ముందు లేతు అప్పటికే ట్రాలీ ఎక్కి, పచ్చరంగుతో మెరుస్తోంది. మల్లేశం కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. పాత లేతులు కొని, బాగుచేసి అమ్ముతాడు. తండ్రి మోకు, అంటే నడుముకూ తాటిచెట్టుకూ కలిపి బిగించే తాడు, ఇప్పటికీ షెడ్డు గోడకు వేలాడుతుంది.

ఈ లేతు సిరిసిల్లలో మరమగ్గాల సామాను తయారుచేసే లక్ష్మికి. పోయినేడు ఆమె షాపులో డ్రిల్లింగ్ మిషన్ బాడీకి కరెంటొచ్చింది. ఆమె భర్త బతికాడు గాని, కుడిచేతి పిడికిలి ఇక బిగుసుకోదు. అందుకే ఆమె ఒక షరతు పెట్టింది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ తన ఎదుట పరీక్షించి కాగితం రాసిస్తేనే లేతు దిగుతుంది. లేకుంటే అదే బండిలో వాపసు.

నేనూ ఆ బండే ఎక్కాను. దారిలో చందుర్తిలో ఛాయ్ తాగాం. ముందు కొండగట్టు అంజన్న గుడిలో పూజ చేయించమని హోటల్ పెద్దాయన సలహా. మల్లేశం నవ్వాడు. "అంజన్నకు మస్తు పనులున్నయ్ కాక. ఎర్తింగ్ మనమే సూసుకోవాలె."

సిరిసిల్ల చేరేసరికి పదకొండు. ఎలక్ట్రీషియన్ మీటరు తీగ ఒకటి ఎర్తు తీగ బిగించిన బోల్టుకు, మరొకటి లేతు బాడీలో రంగు లేని చోట ఆనించాడు. రెంటికీ సంబంధమే లేదంది మీటరు. చూడవచ్చినవాళ్లలో ఒకరు దిష్టి తగిలిందన్నారు.

లక్ష్మి బోల్టు మీదికి వంగి చూసింది. "దిష్టి గాదు, రంగు. పెండ్లిపిల్ల లెక్క ముస్తాబు చేసినవ్ తమ్మీ, బోల్టు కింద గూడ పూసినవ్."

రంగు కరెంటుకు గోడ. బాడీకొచ్చిన కరెంటును నేలలోకి దింపే ఎర్తు తీగ ఉన్నా లేనట్టే. చిన్నదే కదా, కాగితం రాసెయ్యమన్నాడు పక్కషాపాయన. ఎలక్ట్రీషియన్ పెన్ను జేబులో పెట్టేశాడు. లక్ష్మి భర్త ఎడమచేత్తో రంగు గీకే ఎమరీ కాగితం అందించాడు.

మల్లేశం తాను వేసిన రంగును తానే ఇనుము కనిపించేదాకా గీకాడు. "మా నాయిన మోకు లేకుండ ఒక్కనాడు చెట్టెక్కలే. నేను మోకుకు రంగేసి, ముడి మరిచిన."

ఈసారి మీటరు ఒప్పుకుంది. మిగిలిన పరీక్షలూ అయ్యాయి. లక్ష్మి కాగితం ప్రతి గీతా చదివాక, దింపమంది. నా ఛాతీ ఉప్పొంగింది. భద్రతా ప్రమాణం ఢిల్లీలో అచ్చయి ఉంటే చాలదు, అడిగేవాళ్లు కావాలి. దాన్ని అడిగే మనిషి మన వీధిలో ఉంది.

రెండింటికి ఆమె ఇంట్లో తిని, మూడు గంటల బస్సులో తిరుగు ప్రయాణమయ్యాను. పక్కసీట్లో పిండిగిర్ని నడిపే ఆయన. ఎర్తింగ్ మాట ఎత్తాను. "మా గిర్ని గూడ ముట్టుకుంటే జుమ్మంటది సార్. చెప్పులేసుకుంటే ఏం గాదు." మోకు కథ చెప్పాను. దిగేటప్పుడు ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు, ఎలక్ట్రీషియన్ నంబరు అడిగాడు.

మీరూ చెప్పుల మీద బతకకండి. రేపు పొద్దున మెయిన్ ఆపండి. లైసెన్సున్న మనిషిని పిలిచి ఆ బోల్టు విప్పించండి, కింద ఏముందో మీ కళ్లతో చూడండి. కాగితం చేతికొచ్చేదాకా స్విచ్ మీద వేలు పెట్టకండి.